యాభై మూడు కోట్ల సంఖ్యను కాగితం మీదే కారణాంకాలుగా విడగొట్టడం

53,68,70,911 ప్రధాన సంఖ్య అవునా కాదా అని బడిలో నేర్చిన పద్ధతిలో తేల్చాలంటే, దాని వర్గమూలమైన సుమారు 23,170 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడవలసి వస్తుంది. అవి రెండు వేలకు పైగా ఉన్నాయి. అందుకే ఏ పెద్ద సంఖ్యనైనా భాగించడానికి ముందు దానికి ఒకటి కలిపి, ఒకటి తీసివేసి చూడాలి. ఇక్కడ ఒకటి కలిపితే 53,68,70,912, అంటే సరిగ్గా 2²⁹ వస్తుంది (అందులో 4 తప్ప మిగతా తొమ్మిది అంకెలూ ఒక్కొక్కసారే రావడం చూడముచ్చటగా ఉంటుంది). కాబట్టి మన సంఖ్య 2²⁹ − 1.

ఈ రూపం తెలియడంతోనే పని చాలావరకు తగ్గిపోతుంది. q అనే ప్రధాన సంఖ్య దీన్ని నిశ్శేషంగా భాగిస్తే, 29 కూడా ప్రధాన సంఖ్యే కనుక, 2 ఘాతాలను q తో భాగించినప్పుడు శేషం 1 మొదటిసారి వచ్చేది 29వ ఘాతం దగ్గరే. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం q − 1వ ఘాతానికీ శేషం 1 రావాలి కనుక, q − 1 ను 29 భాగిస్తుంది. q బేసి సంఖ్య కాబట్టి అది 58k + 1 రూపంలోనే ఉంటుంది. పైగా 2³⁰కు శేషం 2 వస్తుంది, అంటే 2¹⁵ వర్గానికి శేషం 2. ఒక వర్గానికి శేషం 2 రావడం, 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగిలే బేసి ప్రధాన సంఖ్యలకే సాధ్యమని తెలిసిన నియమం. అందువల్ల q ను 8తో భాగిస్తే 1 గాని 7 గాని మిగలాలి.

ఇప్పుడు వరుసగా చూడండి. 59ని 8తో భాగిస్తే 3 మిగులుతుంది కనుక అది పోతుంది, 117, 175 ప్రధాన సంఖ్యలు కావు, తరువాతిది 233. దీన్ని పరీక్షించడానికి పెద్ద భాగహారం అక్కరలేదు, శేషాలను గుణించుకుంటూ పోతే చాలు: 2⁸కు 23, 2¹⁶కు 63, 2²⁴కు 51 వస్తాయి, 51ని 32తో గుణిస్తే 1632, అది 233 × 7 కంటే ఒకటే ఎక్కువ. కనుక 2²⁹కు శేషం 1, అంటే 233 ఒక కారణాంకం.

మిగిలిన భాగఫలం 23,04,167. దాని వర్గమూలం 1518 కంటే తక్కువ; ఆ లోపల రెండు నియమాలకూ నిలిచే ప్రధాన సంఖ్యలు 233, 929, 1103 మాత్రమే. మొదటి రెండూ భాగించవు. 1103 భాగిస్తుంది, భాగఫలం 2089. అది ప్రధాన సంఖ్య కాకపోతే దానికీ 233 లేదా అంతకంటే పెద్ద కారణాంకాలు కనీసం రెండు ఉండాలి, అది అసాధ్యం. అందువల్ల

2²⁹ − 1 = 233 × 1103 × 2089.

మిగతా ధర్మాలన్నీ ఇందులోంచే వస్తాయి. భాజకాలు 8; వాటి మొత్తం 234 × 1104 × 2090 = 53,99,22,240; మన సంఖ్య కంటే చిన్నవై, దానితో పరస్పర ప్రధానాలైన (1 తప్ప ఉమ్మడి కారణాంకం లేని) సంఖ్యలు 232 × 1102 × 2088 = 53,38,26,432.

కంప్యూటరులో ఫెర్మా పరీక్షను (సంఖ్యలోంచి ఒకటి తీసివేయగా వచ్చినంత ఘాతానికి ఆధారాన్ని హెచ్చించి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడటం) 2 ఆధారంగా నడిపేవారు ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి: 2²⁹ను మన సంఖ్యతో భాగిస్తే శేషం 1, మన సంఖ్యలోంచి ఒకటి తీసివేస్తే వచ్చే 53,68,70,910ని 29 నిశ్శేషంగా భాగిస్తుంది కనుక, ఇది ప్రధాన సంఖ్య కాకపోయినా ఆ పరీక్షలో నెగ్గుతుంది. ఆధారాన్ని 3కు మార్చి మళ్ళీ నడిపితే దొరికిపోతుంది.