పర్లాకిమిడి వైపు ఆడపిల్లని సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దాకా చేర్చాలంటే ఇంట్లోవాళ్ళు ఏం చెయ్యాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం ఏ ఊరైనా చూడండి, మన తెలుగు ఇళ్ళల్లో ఆడపిల్ల టెన్త్ అయ్యాక కంప్యూటర్ చదువుతానంటే ఈ రోజుల్లో వద్దనేవాళ్ళు తక్కువే, సరే చదువుకో అంటారు, ఆ సరే అన్నాక చెయ్యాల్సిన పనులు మాత్రం ఎవరూ చెయ్యరు. నాది పర్లాకిమిడే, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో 11 ఏళ్ళయింది. మా బ్యాచ్‌లో కంప్యూటర్ సైన్స్ చేరిన ఆడపిల్లలం 9 మందిమి, నిరుడు లెక్కేసుకుంటే ఉద్యోగంలో మిగిలింది ఇద్దరం. మిగతా 7 మందిలో చదువు రాక ఆగిపోయినవాళ్ళు ఒక్కరు కూడా లేరు, నాకు బాధంతా అదే. అందుకే ఇది అమ్మానాన్నల కోసం, అన్నదమ్ముల కోసం రాస్తున్నాను, పిల్లలకి చెప్పాల్సింది తక్కువే ఉంది.

మొదటి పని పేరు సరిచెయ్యడం. ఇదేటి ఇంత చిన్న సంగతి అనుకోవద్దు. మనం లక్ష్మి అని ఇంగ్లీషులో రాస్తే కేఎస్‌హెచ్ పెడతాం, ఒడిశా స్కూల్లో రాసే ఆయన ఎక్స్ పెడతాడు, మన ఇంటిపేరు ముందు ఉంటుంది, వాళ్ళ పద్ధతిలో చివరికి పోతుంది, ఆధార్‌లో ఒకలాగ, మార్కుల షీటులో ఒకలాగ, తహసీల్దారు ఆఫీసు ఇచ్చిన ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో ఇంకోలాగ పడుతుంది. నా స్కాలర్‌షిప్ ఒక ఏడాదంతా ఆగిపోయింది ఈ ఒక్క అక్షరం వల్లే, నాన్న పని మానుకుని ఆఫీసు మెట్లు ఎక్కి దిగడం నాకింకా గుర్తుంది. కాబట్టి తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ ఫారం నింపేరోజు ఆధార్ చేతిలో పట్టుకుని మీరే స్కూలుకి వెళ్ళండి, పక్కన నిలబడి అక్షరం అక్షరం చూసుకోండి.

రెండోది డబ్బు. టెక్నికల్ కాలేజీలకి గుర్తింపు ఇచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ, వాళ్ళ ప్రగతి స్కాలర్‌షిప్ అచ్చంగా ఆడపిల్లల కోసమే ఉంది, బీటెక్‌కీ డిప్లొమాకీ కూడా, ఏడాదికి 50,000 రూపాయలు, ఇంటి ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా ఇస్తారు. మొదటి ఏడాదిలో చేరగానే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి, ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీ అయ్యుండాలి. టెన్త్ తర్వాత నేరుగా పాలిటెక్నిక్‌కి వెళ్ళే దారి కూడా ఉంది, 3 ఏళ్ళ డిప్లొమా అయ్యాక బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, ఇంటర్‌కి దూరం పంపలేని ఇంటికి ఇది మంచి దారే, తక్కువ చేసి చూడకండి. పిల్ల బాగా చదివేదైతే ఐఐటీల్లో 2018 నుంచి ఆడపిల్లలకి అదనపు సీట్లు పెట్టారని కూడా గుర్తుపెట్టుకోండి, ఆడపిల్లలు కనీసం 20 శాతం ఉండాలని అవి పెంచుకుంటూ వచ్చారు.

ఇక అసలు సంగతి, ఇంట్లో కంప్యూటర్ ఎవరి చేతిలో ఉంటుంది అన్నది. ఇది మగాళ్ళ పని, మన పిల్లకి రాదేమో అని ఎవరైనా అంటే 1945 సంగతి చెప్పండి, అమెరికాలో ఎనియాక్ అనే తొలినాటి పెద్ద ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌కి ప్రోగ్రాములు రాయడానికి పెట్టుకున్న ఆరుగురూ ఆడవాళ్ళే, 1952లో మొదటి కంపైలర్, అంటే మనం రాసిన ప్రోగ్రాముని మెషీను భాషలోకి మార్చేది, చేసిన గ్రేస్ హాపర్ కూడా ఆడావిడే. అక్కడ 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు తీసుకునేవాళ్ళలో ఆడవాళ్ళు 37 శాతం, ఆ తర్వాత పడిపోతూ పోతూ 18 శాతానికి వచ్చేసింది. దానికి కారణాల్లో ఒకటి ఏటంటే, ఇళ్ళల్లోకి కంప్యూటర్ వచ్చిన రోజుల్లో అది కొడుకు గదిలోకి వెళ్ళింది, వాడు రాత్రీ పగలూ కెలికి కాలేజీకి వచ్చేసరికి సగం తెలిసి వచ్చాడు, మాస్టార్లు ఆ వేగంలో చెప్పుకుపోయారు, మొదటిసారి ముట్టుకున్న పిల్ల నాకు బుర్ర లేదనుకుని వెనక్కి తగ్గింది. మన ఇళ్ళల్లో ఇప్పుడు జరిగేది కూడా అదే కదా, తమ్ముడికి లాప్‌టాప్, అక్కకి సాయంత్రం అమ్మ ఫోను, అది కూడా అమ్మ వాడనప్పుడు.

దీనికి మందు ఉంది. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో 1995లో కంప్యూటర్ సైన్స్ చేరేవాళ్ళలో ఆడపిల్లలు 7 శాతం, 2000కి 42 శాతం అయ్యారు. ముందే కోడింగ్ వచ్చుండాలి అనే పట్టింపు తగ్గించారు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి వేరే క్లాసు పెట్టారు, ఇలాంటివే చేశారు. మనం చెయ్యాల్సింది కూడా అదే. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి కొని అది అమ్మాయిదే అని చెప్పండి, తమ్ముడు వాడుకోవాలంటే అమ్మాయిని అడగాలి. కాలేజీ మొదలవ్వకముందు ఆ రెండు మూడు నెలల ఖాళీలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలెట్టించండి. బాంబే ఐఐటీ వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్స్ అనే వీడియో పాఠాలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉచితంగా దొరుకుతాయి.

భాష సంగతి కూడా చెప్పాలి, మనవైపు పిల్లలకి ఇది పెద్ద బరువు, ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, మూడిటి మధ్యా పడి పిల్ల క్లాసులో నోరు విప్పదు, నోరు విప్పలేదని తెలివి లేదంటారు. వాడుక భాష కోసం అంత కొట్లాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినాయనే, సవరల పిల్లలకి సవర భాషలో చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకున్న మనిషి. ఏదైనా ముందు ఇంటి భాషలో అర్థమైతే తర్వాత ఏ భాషలోకైనా పోతుంది. దసరాకి రాయగడ వెళ్ళినప్పుడు మా పిన్ని మనవరాలు లూప్ అర్థం కావట్లేదక్కా అని ఏడుపుమొహం పెట్టుకుని కూర్చుంది. లూప్ అంటే ఒకే పనిని ఆగాల్సిన చోటు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చేయించే ప్రోగ్రాం ముక్క. వాకిట్లోకి తీసుకెళ్ళి, సందు చుక్క 7 నుంచి 4 వరకు పెట్టు అన్నాను. మధ్యలో 7 పెట్టింది, పైన 6, 5, 4, కింద 6, 5, 4. ఎక్కడ ఆగావు అంటే 4 రాగానే అంది. ఎవరు చెప్పారు ఆగమని అంటే, ముగ్గే చెప్పింది కదా అంది. అదే లూప్ అమ్మా అన్నాను. ఆ రాత్రే చుక్కలు లెక్కపెట్టే ప్రోగ్రాం రాసింది, 37 వచ్చింది, బయటకెళ్ళి వేలు పెట్టి లెక్కేసుకుని మళ్ళీ లోపలికొచ్చింది.

కాలేజీలో చేర్చేరోజు ఫీజు, మెస్ ఒక్కటే కాదు, ల్యాబ్ ఎన్నింటిదాకా తీస్తారు, అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు అని అడగండి. మా కాలేజీలో మాకు గేటు 6కే, ల్యాబ్ 9 దాకా, ఆ 3 గంటలు అబ్బాయిలవే, ప్రాజెక్టులన్నీ ఆ 3 గంటల్లోనే తయారయ్యేవి. నలుగురైదుగురు అమ్మాయిల నాన్నలు కలిసి వెళ్ళి అడిగితే ల్యాబ్ నుంచి హాస్టల్ దాకా తోడు పంపించే ఏర్పాటు కాలేజీవాళ్ళు చేస్తారు, ఒక్కరు అడిగితే కుదరదంటారు.

ఉద్యోగం వచ్చాక పిల్లకి మీరు చెప్పాల్సినవి రెండు మూడున్నాయి. మీటింగు నోట్సు రాయడం, రిపోర్టు అందంగా చెయ్యడం ఇవే నెత్తిన పెడుతుంటే కోడ్ పని కూడా ఇవ్వండి సార్ అని నోరు తెరిచి, తర్వాత మెయిల్లో కూడా అడగమనండి. ఇంటర్వ్యూలో పెళ్ళెప్పుడు అని నన్నడిగారు, నేను నీళ్ళు నమిలాను, మీ పిల్లలు నమలక్కర్లేదు, ఈ పనికి సంబంధించినవి అడగండి సార్ అంటే చాలు. 10 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ పనిచేసే ప్రతి ఆఫీసులోనూ లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీ ఉండాలి, ఫిర్యాదు 3 నెలల లోపు రాసి ఇవ్వాలి, ఇంటికి ఫోన్ చేసి చెప్తే వెంటనే ఉద్యోగం మానేసి వచ్చెయ్ అనకండి, అలా అంటారని భయపడే చాలామంది చెప్పరు.

మా బ్యాచ్‌వాళ్ళు ఎక్కువమంది ఆగిపోయింది పెళ్ళి దగ్గర, కాన్పు దగ్గర. పెళ్ళిచూపుల్లో కట్నం మాట అంత గట్టిగా తేల్చుకునేవాళ్ళు ఉద్యోగం మాట మాత్రం తర్వాత చూద్దాం అంటారు, అలా కాదు, ఏ ఊళ్ళో ఉంటారు, ఉద్యోగం మానదు, ఈ రెండూ పెద్దల ముందే మాట్లాడుకోండి. మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల జీతంతో సెలవు చట్టంలో ఉంది, 50 మంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ఆఫీసుకి క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, కూడా ఉండాలి. మధ్యలో గ్యాప్ వచ్చేస్తే ఔట్‌రీచీ లాంటివి చూడమనండి, 3 నెలలు ఇంటి నుంచే ఓపెన్ సోర్స్ పని, అంటే ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్ మీద పని, డబ్బులిస్తారు.

ఆ 7 మందిలో గుణుపూర్ పిల్ల ఒకతె నిరుడు మళ్ళీ మొదలుపెట్టింది. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా బాబుని వాళ్ళాయన చూసుకుంటాడు, అత్తగారు కూడా తలుపు కొట్టదు. ఆ గంట నేను ఫోన్ చెయ్యను, వాళ్ళమ్మకి కూడా చెయ్యొద్దని చెప్పాను.