సెలవు రోజునా థీసిస్ వదలడం లేదా? రీసెర్చ్ చేసేవాళ్ల సమస్యలు - పరిష్కారాలు

పీహెచ్‌డీ స్కాలర్లకైనా, పాఠాలు చెబుతూ పేపర్లు రాసే అధ్యాపకులకైనా అందరూ ఇచ్చే సలహా ఒకటే: టైమ్‌టేబుల్ వేసుకో, పొద్దున్నే లే, ఫోన్ పక్కన పెట్టు. సలహాలో తప్పేం లేదు. కానీ జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా అందరికీ ఒకే మాత్ర ఇచ్చినట్టుంటుంది. ఆదివారం కూడా పనిలోనే ఉన్నవాళ్లను కదిపి చూడండి. ఒకరికి పని ఎక్కడ ఆపాలో తెలీదు. ఒకరికి నిద్ర చాలదు. ఒకరి గైడ్ ఆపనివ్వరు. ఇంకొకరికి ప్రయోగమే ఆగదు. అందుకే మీ లక్షణం ఏదో చూసుకుని అక్కడి నుంచి చదవండి. రెండు మూడు కలిసి ఉంటే, తరచూ అలాగే ఉంటాయి, నిద్ర సంగతి ముందు పట్టుకోండి.

పని చేయని గంటల్లోనూ పనే బుర్రలో తిరుగుతుంది

లక్షణం: శనివారం సాయంత్రం ఇంట్లోవాళ్లతో కూర్చుని ఏదో సినిమా చూస్తున్నారు. కళ్లు తెర మీద ఉన్నాయి, బుర్ర మూడో చాప్టర్‌లో ఉంది. విశ్రాంతి తీసుకున్నట్టూ ఉండదు, పని జరిగినట్టూ ఉండదు. పైగా ఏదో తప్పు చేస్తున్నానన్న బాధ.

కారణం: చాలా ఉద్యోగాల్లో పనికి ఎక్కడో ఒకచోట అంచు ఉంటుంది. ఫైలు సంతకమై వెళ్లిపోతే ఆ ఫైలు పని అయిపోయినట్టే. పరిశోధనకు ఆ అంచు లేదు. ఇంకో పేపర్ చదవొచ్చు, ఇంకోసారి లెక్క సరిచూడొచ్చు, ఆ పేరాను ఇంకాస్త బాగా రాయొచ్చు. ఇక చాలు అని చెప్పేవాళ్లుండరు. "చాప్టర్ రాయాలి" అని రాసుకున్న పని ఏ ఒక్క రోజులోనూ పూర్తవదు. కాబట్టి ఎంత చేసినా ఆ రాత్రి ఏమీ చేయనట్టే పడుకుంటాం.

సగంలో ఆగిన పని మనసును పట్టుకుని ఉంటుందని మనస్తత్వవేత్త బ్లూమా జైగార్నిక్ 1927లోనే రాసింది. పూర్తి చేసిన పనులకన్నా మధ్యలో ఆపించిన పనులే ఆమె ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లకు ఎక్కువగా గుర్తున్నాయి. తర్వాత ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసినవాళ్లందరికీ అదే ఫలితం రాలేదు గానీ, మనకు అంతకన్నా పనికొచ్చే విషయం 2011లో మాసికాంపో, బామైస్టర్ అనే మనస్తత్వవేత్తలు చూపించారు. పూర్తికాని పని వేరే పనికి అడ్డు తగులుతుంది. దాన్ని ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా ప్లాన్ వేసుకుంటే మాత్రం, పని ఇంకా పూర్తికాకపోయినా ఆ అడ్డు తగ్గుతుంది. పని ముగించడం మన చేతిలో లేకపోవచ్చు, ప్లాన్ రాసుకోవడం ఉంది.

పరిష్కారం: పొద్దున కూర్చునే ముందే ఆ రోజు పనికి ఒక అంచు గీయండి. "చాప్టర్ రాయాలి" అని కాకుండా, "శాంపిల్ ఎలా ఎంచుకున్నామో చెప్పే రెండు పేరాలు, ఎలా వచ్చినా సరే" అని రాసుకోండి. ఆ "ఎలా వచ్చినా సరే" లేకపోతే రెండు పేరాలు కూడా రాత్రి పదకొండు వరకు సాగుతాయి.

సాయంత్రం లేచే ముందు ఐదు నిమిషాలు రేపటికోసం చీటీ రాయండి. ఇలా:

"టేబుల్ 2, మూడో వరుస మొత్తం తేడాగా ఉంది. అసలు డేటాతో సరిచూడాలి, రేపు కూర్చోగానే ఇదే. తర్వాత 'అయితే ఈ పద్ధతిలో' అన్న వాక్యం దగ్గర నుంచి రాయడం. మధ్యాహ్నం దాకా కొత్త పేపర్లు తెరవొద్దు."

ఎక్కడ ఆగాం, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముట్టుకోకూడదు, మూడూ ఉన్నాయి కదా. రాత్రి ఏదైనా గుర్తొస్తే అదే చీటీలో ఒక లైను చేర్చండి, అంతే. ల్యాప్‌టాప్ తెరిచారా, ఒక్క లైను కోసం తెరిచిన ల్యాప్‌టాప్ గంటన్నరకు గానీ మూయలేరు.

రోజంతా డెస్క్ దగ్గరే, పేజీ మాత్రం కదలదు

ఇక్కడ కారణాలు మూడు ఉండొచ్చు. వరసగా చూడండి.

మొదటిది నిద్ర. 2003లో నిద్ర మీద పరిశోధన చేసే వాన్ డాంగెన్ బృందం కొందరిని రెండు వారాలపాటు రోజూ 6 గంటలే పడుకోనిచ్చింది. చివరికొచ్చేసరికి వాళ్ల ఏకాగ్రత, జ్ఞాపకశక్తి ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రపోనివాళ్ల స్థాయికి పడిపోయాయి. భయపెట్టే సంగతి వేరే ఉంది: తమ పనితీరు అంతగా పడిపోయిందని వాళ్లకు తెలియలేదు. "నాకు ఆరు గంటలు చాలు" అని నెలల తరబడి నిద్ర తగ్గించుకున్నవాళ్లు చెప్పే మాటను అందుకే నేను లెక్కలోకి తీసుకోను. రెండు వారాలు నిద్ర సరిచేసి చూడండి. పేజీ కదిలితే ఈ సెక్షన్‌లో మిగతాది మీకు అక్కర్లేదు.

రెండోది గంటలు మరీ ఎక్కువ కావడం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసినవాళ్ల రికార్డులను ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో మళ్లీ లెక్కగట్టాడు. వారానికి 50 గంటల దరిదాపుల్లోకి వచ్చాక అదనపు గంటకు వచ్చే ఫలితం తగ్గుతూ పోయింది. 70 గంటలు పనిచేసిన వారం ఉత్పత్తికీ, 56 గంటల వారం ఉత్పత్తికీ పెద్ద తేడా లేదు. అది కర్మాగారం పని, థీసిస్ కాదు, నిజమే. కానీ అలసిన బుర్ర అలసిన చేతులకన్నా ఎక్కువ సేపు నిలబడుతుందని నమ్మడానికి నాకు ఒక్క కారణం కూడా కనిపించదు. గణితవేత్త ఆంరీ పోంకరే పొద్దున 10 నుంచి 12, సాయంత్రం 5 నుంచి 7, ఈ నాలుగు గంటలే గట్టిగా పని చేసేవాడు.

మూడోది పని నుంచి పనికి గెంతడం. రాస్తూ మధ్యలో మెయిల్, మెయిల్ నుంచి విద్యార్థి మార్కులు, అక్కడి నుంచి మళ్లీ రాత. ముందు పని తాలూకు ఆలోచన కొంత వెనకే మిగిలి తర్వాతి పనిని దెబ్బతీస్తుందని సోఫీ లెరోయ్ 2009లో చూపించింది.

పరిష్కారం: ఒక వారం కాగితం మీద మూడు గడులు గీసి నింపండి. ఎప్పుడు కూర్చున్నారు, ఎప్పుడు లేచారు, చేతికేమొచ్చింది. మూడో గడిలో "చదివాను" అని రాయొద్దు, ఏం తేలిందో రాయండి. వారం తిరిగేసరికి మీకు మంచి గంటలు ఏవో కనిపిస్తాయి. కష్టమైన రాత అక్కడ పెట్టి, రిఫరెన్సులు సరిచేయడం, బొమ్మలు దిద్దడం, మెయిళ్లు బుర్ర అలసిన వేళకు నెట్టండి. చేతికేమీ రాని గంటలను మాత్రం మొహమాటం లేకుండా రోజులోంచి తీసేయండి. మీ సెలవు వచ్చేది అక్కడి నుంచే.

"ఇంకో నెలలో అయిపోతుంది" అని ఇంట్లో చెప్పి చెప్పి నోరు నొప్పెడుతుంది

లక్షణం: ఎప్పుడైపోతుందని అడిగితే చాలు, చిరాకు. చెప్పిన తేదీలు దాటిపోతుంటాయి. మాట తప్పామన్న బాధతో రాత్రుళ్లు కూర్చుంటారు, ఇంట్లోవాళ్లు ఇంకా దూరమవుతారు.

కారణం: సోమరితనం కాదిది. ముందున్న పనిని తక్కువగా అంచనా వేయడం మనుషులందరికీ ఉన్న లక్షణం. 1979లో మనస్తత్వవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ దీన్ని గుర్తించారు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ థీసిస్ రాస్తున్న డిగ్రీ విద్యార్థులనే అడిగారు. సగటున 34 రోజుల్లో అవుతుందన్నారు. అన్నీ ఎదురు తిరిగితే ఎన్ని రోజులంటే 49 దాకా అన్నారు. నిజానికి పట్టినవి 55కు పైనే. అంటే వాళ్లు ఊహించుకున్న అతి చెడ్డ పరిస్థితికన్నా వాస్తవమే ఎక్కువ.

పరిష్కారం: ముందుకు చూసి లెక్కేయకండి, వెనక్కి చూడండి. కిందటి చాప్టర్ మొదలుపెట్టిన రోజు నుంచి గైడ్ చేతికి వెళ్లిన రోజుదాకా ఎంత పట్టింది? ఈ చాప్టర్‌కూ అంతే పడుతుందని రాసుకోండి. "ఈసారి వేరు" అని మనసు చెబుతుంది, వినకండి.

ఇంట్లో ముగింపు తేదీ చెప్పడం మానేయండి. దాని బదులు మీరు నిలబెట్టుకోగల మాట ఇవ్వండి: "రోజూ ఏడు తర్వాత, ఆదివారం పూర్తిగా, నేను మీతోనే." థీసిస్ ఎప్పుడు ముగుస్తుందో మీ ఒక్కరి చేతిలో లేదు. ఏడింటికి లేవడం ఉంది. నమ్మకం తిరిగి వచ్చేది దీనితోనే.

గైడ్ మెసేజ్ రాత్రి పదకొండుకు వస్తుంది

ముందు ఒకటి తేల్చుకోవాలి. ఆయనకు అప్పుడు తీరిక దొరికి పంపుతున్నారా, లేక అప్పుడే జవాబు కావాలంటున్నారా? మొదటి రకమే చాలా ఎక్కువ. జూనియర్లు భయపడి వెంటనే జవాబిస్తారు, రాత్రి పని చేయడం వీళ్లకు ఇబ్బంది లేదని ఆయన అనుకుంటారు, ఇద్దరూ నోరు విప్పరు. అలా సంవత్సరాలు నడిచిపోతుంది.

పరిష్కారం: పొద్దున జవాబివ్వండి, తేదీతో ఇవ్వండి.

"సర్, నిన్న రాత్రి పంపిన కామెంట్స్ చూశాను. సెక్షన్ 3 మార్పులు గురువారం సాయంత్రానికి పంపుతాను. అంతకన్నా ముందే కావాలంటే చెప్పండి సర్, అప్పుడు సెమినార్ స్లైడ్స్ శుక్రవారానికి జరుపుతాను."

ఇందులో కుదరదన్న మాట లేదు. ఒకటి ముందుకు తెస్తే ఇంకొకటి వెనక్కి వెళ్తుందని మాత్రం ఆయన కళ్లముందు పెట్టారు. ఏది ముందో తేల్చే పని ఆయనకే వదిలారు. చాలామంది గైడ్లు గురువారం చాలంటారు.

నిజంగానే అర్ధరాత్రి జవాబు కోరే మనిషైతే, సెలవు అడిగితే సంతకం పెట్టనంటే, అది మీ టైమ్‌టేబుల్ లోపం కాదు, దాన్ని మీరు సర్దుకుని మార్చలేరు. మాట్లాడిన ప్రతిసారీ ఏం ఒప్పుకున్నారో చిన్న మెయిల్‌లో రాసి పంపండి. మీ పరిశోధన కమిటీలో ఇంకొకరితో పరిచయం పెంచుకోండి. గొడవ ముదిరాక కాదు, ఇప్పుడే. బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో 3,659 మంది పీహెచ్‌డీ విద్యార్థులపై 2017లో వచ్చిన అధ్యయనంలో దాదాపు మూడో వంతు మందికి మానసిక అనారోగ్యం వచ్చే ప్రమాదం కనిపించింది. పని వల్ల కుటుంబ జీవితానికి కలిగే ఇబ్బంది, గైడ్ నడిపించే తీరు, రెండూ దానితో ముడిపడి ఉన్నట్టు తేలింది. కాబట్టి గైడ్ వల్ల నలుగుతున్నానని చెప్పడం మీ బలహీనత కాదు.

ల్యాబ్‌లో ప్రయోగం ఆగదు

ల్యాబ్‌లో పెంచే కణాలకు ఆదివారమైనా మీడియం, అంటే వాటికి ఆహారమయ్యే ద్రవం, మార్చాల్సిందే. ఇక్కడ పట్టుకోవాల్సింది మొదలుపెట్టే రోజును. మూడో రోజు, ఐదో రోజు చేతిపని ఉండే ప్రయోగాన్ని గురువారం మొదలుపెడితే శనివారం పోతుంది. సోమవారం మొదలుపెడితే అంతా శుక్రవారంలోపే తేలిపోతుంది. క్యాలెండర్ ముందు పెట్టుకుని వెనక నుంచి లెక్కేయండి. తప్పనిసరి ఆదివారాలను ల్యాబ్‌మేట్స్‌తో వంతులు వేసుకోండి. వంతు కుదరాలంటే మీ ప్రోటోకాల్ ఇంకొకరు చదివి చేయగలిగేలా రాసి ఉండాలి. అది పేపర్ రాసేటప్పుడూ పనికొస్తుంది.

క్లాసులు మొదలవగానే అధ్యాపకుడి పేపర్ అటకెక్కుతుంది

రేపటి క్లాసుకు గంట మోగుతుంది, మీ పేపర్‌కు మోగదు. అందుకే ప్రతిరోజూ క్లాసే గెలుస్తుంది. వారంలో రెండు పొద్దుటి పూటలను క్లాసులాగే టైమ్‌టేబుల్‌లో రాసేయండి, ఎవరైనా ఆ టైమ్ అడిగితే "క్లాసుంది" అన్నంత మామూలుగా కుదరదనండి. రివ్యూలు, కమిటీలు, పరీక్షల పనుల గురించి ఒక ప్రశ్న వేసుకోండి: మూడు నెలల తర్వాతని అడిగినది ఈ వారమే చేయమంటే ఒప్పుకునేవాణ్నా? లేదంటే అప్పుడూ కాదు. అప్పటి వారం కూడా ఇలాగే నిండి ఉంటుంది.

ఇవన్నీ చేసినా ఏమీ మారలేదు

నిద్ర సరిచేశారు, అంచులు గీశారు, వారం సెలవు కూడా పెట్టారు. అయినా పొద్దున లేవబుద్ధి కాదు, ఒకప్పుడు ఇష్టపడ్డ టాపిక్ పేరు వింటేనే విసుగు, ఏం చేసినా దండగనిపిస్తుంది. పనిలో అదుపు తప్పిన ఒత్తిడి చాలాకాలం కొనసాగితే వచ్చే స్థితిగా బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తన వర్గీకరణలో వివరించింది. శక్తి ఉడిగిపోవడం, పని మీద మనసు విరగడం, చేయగలనన్న నమ్మకం తగ్గడం దాని మూడు గుర్తులు. ఆ విసుగు పనిని దాటి తిండి, నిద్ర, మనుషులు అన్నిటికీ పాకితే డిప్రెషన్ అయి ఉండొచ్చు. అది తేల్చాల్సింది డాక్టర్.

ఇందులో మీరు ఒంటరి కాదు. 26 దేశాల నుంచి 2,279 మంది, ఎక్కువగా పీహెచ్‌డీ విద్యార్థులే, జవాబిచ్చిన 2018 నాటి సర్వేలో 39 శాతం మందికి మధ్యస్థం నుంచి తీవ్రస్థాయి దాకా డిప్రెషన్ లక్షణాలున్నాయి. బాధలో ఉన్నవాళ్లే ఎక్కువగా జవాబిచ్చి ఉండొచ్చు, అయినా చిన్న సంఖ్య కాదు.

డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు ఎన్నాళ్ల నుంచి, నిద్ర ఎన్ని గంటలు, ఆకలి, బరువులో మార్పు, ఇవి ఒక కాగితం మీద రాసుకెళ్లండి. అక్కడ కూర్చున్నాక మాట రాకపోతే కాగితం ఇవ్వొచ్చు. యూనివర్సిటీలో కౌన్సెలర్ ఉంటే కలవండి. వైద్య కారణాల మీద కొంతకాలం చదువు ఆపే వీలు చాలా యూనివర్సిటీల్లో ఉంటుంది, ఫెలోషిప్, గడువు ఏమవుతాయో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆ క్షణమే పక్కనున్న మనిషికి చెప్పండి, వాళ్లను వెంటబెట్టుకుని ఎమర్జెన్సీకి వెళ్లండి.