కాల్ రికార్డింగుల్లో ఆధార్ నంబర్లు పట్టుబడటం లేదా? ముందు ఇది చూడండి

సమస్య: నెలంతా కాల్స్ రికార్డవుతున్నాయి, లీకు అలర్ట్ ఒక్కటీ రాదు

జనం ఫోన్లో చెప్పే ఆధార్, కార్డు నంబర్లను రికార్డింగుల్లో వెతికి అలర్ట్ పంపే సాఫ్ట్‌వేర్ గురించే ఇదంతా. అలర్ట్ రాలేదు కాబట్టి లీకులే లేవని సంబరపడకండి. నల్లగొండలోనైనా మిర్యాలగూడలోనైనా, లోన్లిచ్చే ఆఫీసులో రోజుకొకరైనా ఫోన్లో ఆధార్ నంబరు చదువుతారు.

ముందు పరీక్ష కాల్ చేయండి. ఇది చేయకుండానే సాఫ్ట్‌వేర్ వాళ్లమీద పడేవాళ్లే ఎక్కువ. బయటి ఫోన్ నుంచి కౌంటర్‌కు చేసి, పరీక్షల కోసమే వాడే 4111 1111 1111 1111 కార్డు నంబరు చెప్పండి. “ఫోర్, ట్రిపుల్ వన్” అనే చదవండి, జనం చదివేది అలాగే. 1234తో మొదలయ్యే ఉత్తుత్తి ఆధార్ చెప్పి “పట్టలేదు” అనకండి. ఆధార్ 0తో గానీ 1తో గానీ మొదలవదు, దాన్ని వదిలేయడమే సరైన పని.

రికార్డింగే కనబడకపోతే ఆ లైను రికార్డర్‌కు కలవలేదన్నమాట. సిబ్బంది సొంత మొబైళ్లలో మాట్లాడేవి అసలే రావు. కస్టమర్లకు ఆఫీసు నంబరే ఇవ్వాలి.

రికార్డింగ్ ఉంది, మాటలు రాతలోకీ వచ్చాయి, అయినా పట్టలేదు

అసలు దొంగ ఇక్కడున్నాడు. దేవరకొండ రైతు ఇలా చెప్తాడు: “రాస్కో సారూ, నలభై ఆరు...” “ఆఁ” “డబుల్ ఎయిట్...” “ఆఁ, చెప్పు.” రాతలో ఒక వరుసలో “40 6”, మధ్యలో “ఆఁ”, కింది వరుసలో “డబుల్ 8” పడుతుంది. ఆయన చెప్పింది 4688. ఉత్త అంకెలు ఏరితే 4068. నాలుగంకెలూ లెక్కకు సరిపోయాయి, నంబరే మారిపోయింది! ఆధార్‌లో చివరి అంకె మిగతా పదకొండింటినీ సరిచూసేది. ఆ లెక్క తప్పగానే సాఫ్ట్‌వేర్ “ఇది ఆధార్ కాదు” అని చప్పుడు చేయకుండా వదిలేస్తుంది.

పరిష్కారం వరుస తప్పకుండా చేయండి. రాతలో మాటలను అంకెలుగా మార్చే సెట్టింగ్ ఆపేసి, పలికిన మాటలు పలికినట్టే తీసుకోండి. ఇద్దరి గొంతులూ వేర్వేరు ఛానెళ్లలో రికార్డవ్వాలి. క్లర్కు తిరిగి చదివితే ఒకే నంబరు 24 అంకెలవుతుంది. ఒక్కొక్కరి అంకెలను 30 సెకన్ల వరకు కూడబెట్టి, “ఆఁ”, “ఊఁ”, “చెప్పండి” తీసేయండి. తర్వాతే అంకెలుగా మార్చాలి: నలభై తర్వాత ఆరు వస్తే 46, 406 రెండూ రాసుకుని, ఏది సరిచూపులో నిలిస్తే అది ఉంచాలి. డబుల్, ట్రిపుల్‌తో పాటు హిందీ అంకెలూ పట్టికలో ఉండాలి. ముంబై, పుణె వలసలో ఉన్న పాలమూరు వాళ్లు హిందీలో చెప్పడం మామూలే.

సమస్య: ప్రతి కాల్‌కూ అలర్టే

కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లూ 12 అంకెలే. సరిచూపు ఒక్కటే చాలదు, ఏదో ఒక 12 అంకెల నంబరు కూడా పదింటిలో ఒకసారి అందులో నెగ్గుతుంది. దగ్గర్లో “ఆధార్” మాట ఉందో లేదో కూడా చూడండి.

ఓటీపీ, సీవీవీలకు అంకెల వేట దండగ. ఆరంకెలు, మూడంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. “మెసేజ్ వచ్చిందా, చదవండి”, “కార్డు వెనకాల మూడంకెలు” అని మనవాళ్లు అడిగే మాటను పట్టుకోండి. గొంతు, యాస, లైన్లో గరగర వల్ల తప్పేవీ ఉంటాయి, వాటి గురించి తర్వాత చూసుకోవచ్చు.

పట్టుబడ్డాక అలర్ట్ మెయిల్లో పూర్తి నంబరు వెళ్తోందేమో చూడండి. వెళ్తే అదే కొత్త లీకు. చివరి నాలుగంకెలే ఉంచి, రికార్డింగులో ఆ ముక్కను మూగ చేయండి.