రైఫిల్ తూటా కేసు మెడను సరైన సైజుకు తేవడం ఎలా?

తూటా పేలగానే లోపలి ఒత్తిడికి ఇత్తడి కేసు (బుల్లెట్‌నూ మందునూ పట్టి ఉంచే గొట్టం) ఉబ్బి, తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్ గోడకు ఒత్తుకుంటుంది. ఒత్తిడి తగ్గాక కాస్త ముడుచుకుంటుంది గానీ, మెడ మాత్రం కొత్త బుల్లెట్‌ను పట్టి ఉంచేంత బిగువుగా ఉండదు. ఆ బిగువును తిరిగి తేవడమే నెక్ సైజింగ్. అమెరికాలో టార్గెట్ షూటర్లు, వేటగాళ్లు చాలామంది ఇంట్లోనే ఈ పని చేసుకుంటారు. అక్కడ ఈ హాబీలోకి దిగుతున్న తెలుగువాళ్ల కోసమే ఇది. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారుచేయడం నేరం.

ఉదాహరణకు బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో (ప్రతి తూటాకూ బోల్ట్‌ను చేత్తో లాగి మూసే రకం) పేల్చిన .308 విన్‌చెస్టర్ కేసు తీసుకుందాం.

ముందు కేసులను వెలుతురులో తిప్పి చూడండి. మెడ మీద చీలిక ఉన్నా, అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపించినా పక్కన పడేయండి. ఆ గీత ఉందంటే లోపల గోడ పలచబడిందని అర్థం. అలాంటి కేసు పేల్చినప్పుడు రెండుగా తెగే ప్రమాదం ఉంది. మంచివాటిని తుడిచి, మెడ లోపల నైలాన్ బ్రష్ ఒకసారి తిప్పండి. తళతళలాడేలా తోమక్కర్లేదు, సన్నటి మసి పొర మిగిలితేనే బుల్లెట్ సాఫీగా దిగుతుంది.

తర్వాతది బుషింగ్ ఎంపిక. బుషింగ్ అంటే మెడను బయటి నుంచి నొక్కే రింగు, ప్రెస్‌కు బిగించే డై అనే అచ్చులో కూర్చుంటుంది. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. మీరు వాడే కేసులో, మీరు వాడే బుల్లెట్ కూర్చిన తూటా మెడను బయటి నుంచి క్యాలిపర్‌తో కొలవండి. బుల్లెట్ 0.308 అంగుళాలు, మెడ గోడ మందం 0.014 అనుకుంటే, రెండు వైపులా కలిపి 0.336 వస్తుంది. బిగువు కోసం అందులోంచి 0.002 తీసేస్తే 0.334. మీకు కావాల్సిన బుషింగ్ అదే. డైలో ఎక్స్‌పాండర్ బాల్ (మెడ లోపలి నుంచి సాగే గుండు) కూడా ఉంటే ఇంకో 0.001 తగ్గించండి, ఎందుకంటే కేసు డైలోంచి బయటికి వచ్చేటప్పుడు అది మెడను మళ్లీ కొంచెం తెరుస్తుంది. కేసుల కంపెనీ మారితే గోడ మందం మారుతుంది, లెక్క కూడా మారుతుంది. వేరే వాళ్ల బుషింగ్ నంబర్ అడిగి కొనకండి.

బుషింగ్‌ను డైలో పెట్టి పై మూతను పూర్తిగా బిగించి, కాస్త వెనక్కి తిప్పండి. డైని ఊపితే బుషింగ్ లోపల గలగలమనాలి. అలా కదిలితేనే అది మెడకు తగ్గట్టు తనంతట తాను సర్దుకుంటుంది.

ఇప్పుడు కేసును ప్రెస్‌లో దాని అడుగును పట్టుకునే షెల్ హోల్డర్‌లో పెట్టి, ప్రెస్ హ్యాండిల్‌ను నిదానంగా, ఒకే వేగంతో దించండి. డైలో పిన్ ఉంటే పాత ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న భాగం) కూడా ఊడి వస్తుంది. పేలని ప్రైమర్ ఉన్న కేసును మాత్రం ఇలా ఎప్పుడూ చేయకండి. పేల్చిన మెడ 0.343 దాకా ఉబ్బి ఉంటే ఒక్కసారే 0.334కి నొక్కకండి, మెడ వంకర పోవచ్చు. మధ్యలో 0.338 లాంటి బుషింగ్‌తో ఒకసారి నొక్కి, తర్వాత అసలు సైజుకు తెండి.

బయటికి తీశాక మళ్లీ కొలవండి. ఇత్తడికి స్ప్రింగ్ గుణం ఉంటుంది కాబట్టి బుషింగ్ మీది అంకె, మెడ కొలత ఒకటే అవుతాయని నమ్మకండి. నా దృష్టిలో బిగువు ఎంత ఉందన్న దానికంటే, అన్ని కేసులకూ ఒకేలా ఉందా అన్నదే ముఖ్యం. ఒక కేసు వదులుగా, ఇంకోటి గట్టిగా ఉంటే దూరపు టార్గెట్ మీద గుళ్లు పైకీ కిందకీ చెదురుతాయి. ఒకే డబ్బాలోవి, ఒకే సంఖ్యలో పేల్చినవి కలిపి ఉంచుకుంటే ఈ తేడా చాలావరకు తగ్గుతుంది.

మెడ మాత్రమే సైజ్ చేసిన కేసు అది పేలిన రైఫిల్‌కే సరిపోతుంది. సెమీ ఆటోమేటిక్‌లకు కేసు మొత్తాన్ని సైజుకు తెచ్చే ఫుల్ లెంగ్త్ సైజింగే చేయాలి. బోల్ట్ రైఫిల్‌లో కూడా అదే కేసును కొన్నిసార్లు పేల్చాక బోల్ట్ బరువుగా మూసుకుంటుంది. అప్పుడు ఫుల్ లెంగ్త్ డైతో కేసు భుజాన్ని (మెడ కింద ఏటవాలుగా ఉండే భాగం) 0.001 నుంచి 0.002 వెనక్కి నెట్టండి. కేసు పొడవు 2.015 అంగుళాలు దాటితే 2.005కి కత్తిరించండి.

ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. గాలి ఆడే చోట, కళ్లద్దాలు పెట్టుకుని పని చేయండి, అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కునే దాకా ఏమీ తినకండి.