‘హ్యాజ్ గాన్’ ఎప్పుడు, ‘హ్యాజ్ బీన్’ ఎప్పుడు?

ఇంగ్లీషులో ‘గో’ అనే క్రియను ప్రెజెంట్ పర్‌ఫెక్ట్‌లో, అంటే ‘హ్యావ్, హ్యాజ్’లతో కలిపి, వాడాల్సి వచ్చినప్పుడు చాలామంది తడబడతారు. ‘షి హ్యాజ్ గాన్ టు పారిస్’, ‘షి హ్యాజ్ బీన్ టు పారిస్’ రెండూ తప్పులేని వాక్యాలే, అర్థాలే వేరు. ఏది వాడాలో తేల్చుకోవాలంటే ముందు చూడాల్సింది ఆ మనిషి ఇప్పుడెక్కడ ఉన్నారన్నది.

వెళ్ళి ఇంకా రాకపోతే ‘గాన్’. దారిలో ఉన్నా, అక్కడికి చేరిపోయినా అదే మాట. వెళ్ళొచ్చేసి ఉంటే ‘బీన్ టు’. పదేళ్ళ కిందట వెళ్ళొచ్చినా, ఇందాకే వెళ్ళొచ్చినా తేడా లేదు. అందుకే ఎదుట నిలబడి మాట్లాడుతున్న మనిషిని ‘హ్యావ్ యు ఎవర్ బీన్ టు పారిస్?’ అనే అడగాలి. అలాగే మీరు ఎదురుగా ఉండి ‘ఐ హ్యావ్ గాన్ టు ద లైబ్రరీ’ అంటే పొసగదు. ఆ వాక్యాన్ని చీటీ మీద రాసిపెట్టి బయటికి వెళ్తే మాత్రం చక్కగా సరిపోతుంది, చదివేవాళ్ళ ముందు మీరు ఉండరు కనుక.

‘ఐ, యు, వి, దే’లకు ‘హ్యావ్’, ‘హి, షి, ఇట్’లకు ‘హ్యాజ్’. వాటి తర్వాత క్రియ మూడో రూపమే (‘గో, వెంట్, గాన్’లో ‘గాన్’) రావాలి. ‘హ్యావ్ వెంట్’ అనడం ఎప్పుడూ తప్పే. ‘హోమ్, హియర్, దేర్, అబ్రాడ్’ ముందు ‘టు’ పెట్టకండి: ‘హి హ్యాజ్ గాన్ హోమ్.’

అసలు చిక్కు ‘ఫర్’ దగ్గర వస్తుంది. ‘హి హ్యాజ్ గాన్ టు లండన్ ఫర్ టూ వీక్స్’ అంటే రెండు వారాలు ఉండి వద్దామని వెళ్ళాడు, బయల్దేరింది ఈ ఉదయమే అయినా కావచ్చు. ‘హి హ్యాజ్ బీన్ ఇన్ లండన్ ఫర్ టూ వీక్స్’ అంటే రెండు వారాలుగా అక్కడే ఉంటున్నాడు. రెండో దాంట్లో ‘టు’ పోయి ‘ఇన్’ వచ్చింది, గమనించండి. ఆ చిన్న మాటే ‘వెళ్ళొచ్చాడు’ అనే అర్థాన్ని ‘ఉంటున్నాడు’గా మార్చేస్తుంది. ‘బీన్’ తర్వాత ఏముందో చూడకుండా అర్థం చెప్పుకోవద్దు.

గడిచిపోయిన సమయాన్ని వాక్యంలో చెప్పేస్తే ఈ రెండూ పనికిరావు. ‘యెస్టర్‌డే’, ‘లాస్ట్ వీక్’, ‘టూ డేస్ అగో’ కనిపిస్తే మామూలు భూతకాలమే: ‘ఐ వెంట్ టు ద బ్యాంక్ యెస్టర్‌డే.’ తెలుగులో ‘నిన్న వెళ్ళాను’, ‘ఇప్పుడే వెళ్ళాడు’ రెండింటికీ ఒకే క్రియారూపం సరిపోతుంది కాబట్టి మనవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. ‘ఎవర్, నెవర్, జస్ట్, ట్వైస్’ లాంటివి అయితే నిశ్చింతగా వాడొచ్చు: ‘ఐ హ్యావ్ బీన్ దేర్ ట్వైస్.’