మందుల షాపు వాళ్లకి నెట్‌లో వెతకడం నేర్పాలంటే

అమలాపురమైనా పాలకొల్లైనా, మధ్యాహ్నం గిరాకీ పల్చబడ్డాక క్లాసు పెట్టుకోండి. ఐదారుగురు చాలు, ఎవరి ఫోను వాళ్లదే.

బ్రాండ్ పేరు కొట్టనివ్వకండి. అదే పేరుతో మరో దేశంలో వేరే మందు ఉండొచ్చు. స్ట్రిప్ మీది జెనరిక్ పేరే, అంటే లోపలి అసలు మందు పేరే, కొట్టించండి. అందులోనూ ఒక మెలిక: అమెరికా ప్రభుత్వపు మందుల లేబుళ్ల సైటు డైలీమెడ్‌లో పారాసెటమాల్‌ని ఎసిటమినోఫెన్ అంటారు.

అసలు తప్పులు పారాసెటమాల్ సిరప్ దగ్గర. 10 కిలోల బిడ్డకి, కిలోకి 15 మి.గ్రా. చొప్పున, ఒక డోసు 150 మి.గ్రా. సీసా మీద 5 మి.లీ.కి 250 మి.గ్రా. అని ఉంటే 3 మి.లీ. పోయాలి, 120 అని ఉంటే 6.25. నెట్‌లో ‘ఒక చెంచా’ అని చూసి చెప్పేస్తే మొదటి సీసాతో డోసు మించిపోతుంది. రెండు సీసాలూ చేతికిచ్చి, లేబుల్ చదివించి, కాగితం మీద లెక్క కట్టించండి. నోటిలెక్క వద్దు.

పేజీ తేదీ చూడటం అలవాటు చేయండి. నొప్పి, జ్వరాల మందు నిమెసులైడ్‌ని మన దేశంలో 12 ఏళ్లలోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు. పాత పేజీల్లో పిల్లల డోసు ఇంకా ఉండొచ్చు.

చివర్లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ సైటు తెరిచి, నాణ్యత తప్పిన మందుల నెలవారీ జాబితాని అలమరలో సరుకుతో పోల్చించండి. పేరు కలిస్తే చాలదండీ, బ్యాచ్ నంబరు కలవాలి. మందుతో దుష్ప్రభావాలు వస్తే ఫోన్ చేసి తెలియజేయాల్సిన 1800-180-3024 నంబరు కౌంటర్ దగ్గర అంటించండి.