పెద్దవాళ్ళు నడుస్తూ తూలుతుంటే మోకాళ్ళతో పాటు కళ్ళు కూడా చూపించండి

ఇంట్లో పెద్దవాళ్ళు గోడ పట్టుకుని నడవడం మొదలెడితే మోకాళ్ళనో నీరసమనో, లేదంటే వయసు కదా అనో అనేసుకుంటాం. కళ్ళ మీదకి అనుమానమే పోదు, ఎందుకంటే పేపర్ చదువుతున్నారు, టీవీ చూస్తున్నారు, వచ్చిన మనిషిని గుర్తుపడుతున్నారు, ఇంకేంటి? కానీ అక్షరం చదివే చూపు వేరు, మెట్టు దిగే చూపు వేరు, నేనూ చాలా ఆలస్యంగానే తెలుసుకున్నా ఈ సంగతి.

మనం పడిపోకుండా నిలబడటానికి మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు రావాలి: కళ్ళు, లోపలి చెవి, ఇంకా పాదాలు, కీళ్ళు, కండరాలు. కావాలంటే ఏదైనా పట్టుకోడానికి దగ్గర్లో ఉంచుకుని ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకోండి, కాసేపట్లోనే ఊగిపోతారు (మీరు చేసి చూడండి, పెద్దవాళ్ళతో మాత్రం చేయించొద్దు). వయసు పెరిగేకొద్దీ చెవి, పాదాల నుంచి వచ్చే కబురు పల్చబడుతుంది, షుగర్ ఉండి అరికాళ్ళు తిమ్మిరెక్కుతుంటే ఇంకా తక్కువ, దాంతో భారమంతా కళ్ళ మీదే పడుతుంది, సరిగ్గా అదే వయసులో కళ్ళూ మసకబారతాయి.

ముందు ఒక వారం ఊరికే గమనించండి, అడిగితే బాగానే కనిపిస్తోంది అంటారు కాబట్టి అడిగి లాభం లేదు. మెట్లు ఎక్కేటప్పుడు బాగానే ఉండి దిగేటప్పుడు మాత్రం పాదంతో తడుముకుంటున్నారా, ఎండలోంచి గదిలోకి రాగానే ఆగిపోతున్నారా, గ్లాసులో నీళ్ళు పోస్తే పక్కన పడుతున్నాయా, ఎప్పుడూ ఒకే వైపు భుజం గుమ్మానికి తగులుతోందా. ఇవన్నీ రాసుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, పవర్ చెక్ చేయించి వచ్చేయకుండా కంటి ప్రెషర్, పక్కచూపు, రెటీనా (కంటి వెనకుండే పొర) కూడా చూడమనండి. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) సాధారణంగా నొప్పి లేకుండా పక్కచూపుని తినేస్తుంది, కింది వైపు చూపు పోతే కాళ్ళ దగ్గరున్న స్టూలు కూడా కనపడదు, అయినా చార్టులో అక్షరాలు మాత్రం గడగడా చదివేస్తారు. శుక్లాలు ఉంటే బూడిదరంగు నేల మీద బూడిదరంగు మెట్టు నేలలో కలిసిపోతుంది. ఒక కంటికి ఆపరేషన్ అయ్యి రెండోది మిగిలి ఉంటే రెండు కళ్ళ చూపుకీ పొంతన కుదరక లోతు అంచనా తప్పొచ్చు, అందుకని రెండో కంటి ఆపరేషన్ ఎప్పుడో డాక్టర్‌ని ముందే అడిగేయండి, ఈలోపు మెట్ల దగ్గర తోడుండండి.

ఇక అసలు విషయం, బైఫోకల్స్, ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే పైభాగం దూరానికి, కింది భాగం దగ్గరికి ఉండే కళ్ళద్దాలు. వీటి కింది భాగం చేతిలో పుస్తకం దూరానికి, అంటే ఓ 40 సెంటీమీటర్లకి చేసినది, నేల ఉండేది ఒకటిన్నర మీటర్ల కింద, మరి తల వంచకుండా కళ్ళు మాత్రం దించి మెట్టు చూస్తే అంచు మసగ్గా, ఉన్నచోట కాకుండా ఇంకోచోట ఉన్నట్టు కనిపిస్తుంది. బయట బాగా తిరిగేవాళ్ళైతే నడకకి దూరం చూపు అద్దాలు విడిగా చేయించడం మేలు. 2010లో వచ్చిన ఆస్ట్రేలియా ట్రయల్‌లో అలా తిరిగేవాళ్ళు కిందపడటం తగ్గింది, కానీ పెద్దగా బయటకెళ్ళని వాళ్ళకి అదే పని చేస్తే ఇంటి బయట కిందపడటం పెరిగింది, కాబట్టి అందరికీ ఒకటే సలహా పనికిరాదు, మీవాళ్ళు ఏ రకమో చూసి డాక్టర్‌తో మాట్లాడండి. పవర్ కూడా ఒక్కసారే బాగా మార్చేస్తే నేల ఎత్తుపల్లాలుగా అనిపిస్తుంది, వీలైతే కొంచెం కొంచెంగా మార్చమని అడగండి, కొత్త అద్దాలు ముందు ఇంట్లో అలవాటయ్యాకే బయటికి.

ఇంట్లో వెలుతురు పెంచండి. 60 ఏళ్ళ కంటిలో రెటీనా దాకా చేరే వెలుగు 20 ఏళ్ళ కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే, మనకి సరిపోయే బల్బు వాళ్ళకి చీకటే. అలాగని కళ్ళలోకి కొట్టే లైటు పెట్టొద్దు, మెరిసే నేల మీద పడి ఇంకా ఇబ్బంది. మెట్లకి పైనా కిందా రెండు చోట్లా స్విచ్, మంచం నుంచి బాత్రూమ్ దాకా నైట్ ల్యాంప్. రాత్రి లేవగానే నడిచేయకుండా రెండు నిమిషాలు మంచం అంచున కూర్చోమనండి, కళ్ళకీ బీపీకీ రెండింటికీ మంచిది. మెట్ల అంచుకి మెట్టు రంగుకి బాగా తేడాగా ఉండే టేపు అంటించండి, కానీ సరిగ్గా అంచు మీదే, కొంచెం వెనక్కి వేశారంటే కాలు ఎక్కడ పెట్టాలో లెక్క తప్పుతుంది, లేకపోవడమే నయం.

తోడు నడిచేటప్పుడు మనం వాళ్ళ చెయ్యి పట్టుకుని లాగుతాం, అది తప్పు. మన మోచేతికి కాస్త పైన వాళ్ళని పట్టుకోమని అరడుగు ముందు నడవండి, మన ఒళ్ళు కదిలే తీరుని బట్టే వాళ్ళకి మెట్టు వచ్చిందని తెలుస్తుంది, మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి ఎక్కడమా దిగడమా చెప్పండి.

ఉన్నట్టుండి చూపు తగ్గినా, ఒకటి రెండుగా కనిపించినా, తూలుడుతో పాటు మాట తడబడినా ఇవేవీ పెట్టుకోకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళిపోండి, అది అద్దాలతో పోయేది కాదు.